ఉట్టి నేలే వాటి గూడు

సంపాదకులకు నమస్కారం.

ఏటా చలికాలం రాగానే మీ జిల్లా పేజీలో తేలినీలాపురం చెట్ల మీద గూళ్లు కట్టే పెలికాన్ల ఫొటో చూస్తుంటాం. వాటిని పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకునే ఆ ఊరివాళ్లంటే నాకూ గౌరవమే. మరి చెట్టెక్కని పిట్టల మాటేమిటి?

మాది నౌపడ. నాన్న ఉప్పు మడుల్లో మేస్త్రీ. పెళ్లయ్యాక కాలిఫోర్నియాలోని యూనియన్ సిటీకి వస్తే, ఇక్కడా ఇంటికి దగ్గర్లో ఉప్పు మడులే! ఈడెన్ ల్యాండింగ్ అంటారు. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఒడ్డున సుమారు 15 వేల ఎకరాల మడులను 2003లో కార్గిల్ కంపెనీ నుంచి కొని, మళ్లీ చిత్తడి నేలలుగా మార్చే పని పెట్టుకున్నారు. చాలా చోట్ల గట్లు తెగ్గొట్టి పోటు నీటిని లోపలికి వదులుతున్నారు. కొన్ని మడులను మాత్రం పనిగట్టుకుని ఎండబెడుతున్నారు. అవి స్నోయీ ప్లవర్ అనే పిట్ట కోసం.

మన తీతువుకి చుట్టమే ఇది, కాకపోతే పిచ్చుకంత ఉంటుంది. పసిఫిక్ తీరంలో 1993 నుంచి ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. పుల్లాపుడకా పేర్చి గూడు కట్టదు. ఉప్పు పేరుకున్న నేలలో చిన్న గుంట చేసి మూడు గుడ్లు పెడుతుంది. దాదాపు నెల పొదగాలి. ఈలోపు కాకో, గద్దో, నక్కో చూసిందంటే అంతే సంగతులు. గుడ్లు, పిల్లలు ఆనవాలు దొరక్కుండా ఉండాలని ఇక్కడో మడి నిండా ఆల్చిప్పలు చల్లితే, నేనూ బకెట్ పట్టాను. మా ఊళ్లో అయితే ఆ గుల్లంతా సున్నం బట్టీకి పోయేది! కుప్పగా పోయకూడదు, విత్తనాలు వెదజల్లినట్టు చల్లాలి. చిప్ప అంచులకి గ్లౌజులు చిరిగిపోతాయి. నడుం వంచి చూస్తే చిప్పల బూడిద రంగు వీపులు, తెల్లటి కడుపులు కలిసిపోయి, పక్కనే పడ్డ నా పెన్ను మూతే నాకు దొరకలేదు. పనంతా మార్చిలోపే కావాలి. గుడ్లు పెట్టే కాలం మొదలైతే మమ్మల్నీ అడుగు పెట్టనివ్వరు. పిట్ట గుడ్డు నేనింకా కళ్లతో చూడనే లేదు, చూడకపోవడమే మంచిది.

మన దగ్గర సేవ అనగానే మొక్కలు నాటడమే. ఉప్పు నేల కనిపిస్తే బీడంటాం, పచ్చగా చేయాలంటాం. కానీ నేల మీద గుడ్లు పెట్టే తీతువు లాంటి పిట్టలకి ఆ బీడే ఇల్లు. చెట్టు పెరిగితే కాకికి మంచె వేసిచ్చినట్టే. చిన్నప్పుడు గట్టు మీద గుడ్లు కనిపిస్తే నాన్న అక్కడో పుల్ల గుచ్చి వచ్చేవాడు, కూలీలు చుట్టూ తిరిగి వెళ్లేవారు. ఎవరూ చెప్పి చేయించింది కాదు.

అటవీ శాఖకు, టెక్కలి చుట్టుపక్కల కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులకు నా మనవి ఇదే. వాడకంలో లేని మడుల్లో మొక్కలు నాటకండి. సర్కారు తుమ్మ పాకితే చలికాలంలోనే పీకించండి. ఎండాకాలం మూడు నెలలు ఆ గట్ల మీదికి కుక్కలు, ట్రాక్టర్లు రాకుండా చూడండి. ఏ గట్టు మీద ఏ పిట్ట దిగుతుందో ఉప్పు కార్మికులకే తెలుసు, ముందు వాళ్లని అడగండి.

— ఒక పాఠకురాలు,
యూనియన్ సిటీ, కాలిఫోర్నియా
(స్వస్థలం: నౌపడ, శ్రీకాకుళం జిల్లా)