స్పేస్ బార్ గురించి ఏడో ఉత్తరం

విజయనగరం,
సెప్టెంబరు 8.

కస్టమర్ కేర్ విభాగం పెద్దలు ఎవరైతే వారికి,

విషయం: ఆరు మెయిళ్లకీ పదకొండు ఫోన్లకీ సరైన జవాబు లేకపోవడం గురించి. (నా బటన్ల ఫోనులో కీబోర్డు పాడవడం రెండో సంగతి.)

అయ్యా,

ఫోను మోడల్, ఐఎంఈఐ, బిల్లు నంబరు ఈ ఉత్తరంలో రాయడం లేదు. మెయిళ్లలో ఆరుసార్లు రాశాను. మీవాళ్లు ఫోన్లో పదకొండుసార్లు అడిగి రాసుకున్నారు. మొత్తం పదిహేడు చోట్ల ఉండాలి. అందులో ఒక్కటైనా దొరక్కపోతే ఈ ఉత్తరం చదివీ లాభం లేదు, ఇక్కడే ఆపేయండి.

మొదటి మెయిల్ జులై 2న, పాడైన ఫోన్లోంచే పంపాను. నంబర్లు పోను అది ఇలా ఉంది: "నాఫోన్లోస్పేస్‌బార్‌పనిచేయడంలేదువిడిభాగంకావాలిడబ్బులిస్తాను". ఇందులో అర్థం కానిదేమీ లేదు. తెలుగువాళ్లం, సంధి కలిపినా విడదీసుకుని చదువుకుంటాం. రెండు రోజులకి జవాబొచ్చింది: "దయచేసి పదాల మధ్య ఖాళీ వదిలి మళ్లీ పంపగలరు." ఆ మెయిల్ ఇప్పటికీ దాచాను. పెళ్లిళ్లలో ఎవరైనా నవ్వకుండా కూర్చుంటే తీసి చూపిస్తున్నాను.

జులై 5న టోల్‌ఫ్రీకి చేశాను. తెలుగు కోసం 5 నొక్కమంది, నొక్కాను. పద్నాలుగు నిమిషాలు పాట విన్నాక హిందీ మాట్లాడే ఆయన వచ్చాడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఆఫ్ చేసి ఆన్ చేశారా?" రెండోది: "ఫ్యాక్టరీ రీసెట్ చేశారా?" చేయను అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. ఆయన వినలేదు కాబట్టి, ఈసారి కాగితం మీద పెడుతున్నాను. మీ ట్రైనింగ్ వాళ్లకి పనికొస్తే వాడుకోండి, దీనికి డబ్బు అడగను.

కీబోర్డు ఫోనులో ప్రతి అక్షరం కిందా ఒక చిన్న స్టీలు బుడిపె ఉంటుంది. డోము అంటారు. వేలు పడగానే అది లోపలికి కుంగి, కింద బోర్డు మీదున్న నడిమి చుక్కనీ చుట్టూ ఉన్న రింగునీ కలుపుతుంది. వేలు తీయగానే టక్కుమని పైకి లేస్తుంది. ఆ టక్కు కోసమే కదా మేము ఇంకా ఈ ఫోన్లు పట్టుకు తిరుగుతున్నది. డోము చిట్లితే టక్కు పోతుంది, అక్షరం పడదు. చెమటో ఉప్పుగాలో లోపలికి చేరి చుక్క మీద నలుపు కడితే టక్కు ఉంటుంది, అక్షరం ఒకసారి పడి రెండుసార్లు పడదు. డోము సరిగ్గా లేవక వణికితే ఒక నొక్కుకి రెండక్షరాలు పడతాయి. ఈ మూడింటిలో ఒక్కటి కూడా రీసెట్‌తో బాగవదు. స్టీలుకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉండదు.

సాఫ్ట్‌వేర్ తప్పేమో అన్న అనుమానం నాకూ వచ్చింది, అదీ తీర్చుకున్నాను. నోట్స్ తెరిచి స్పేస్ బార్ మధ్యలో ఇరవైసార్లు నొక్కాను, మూడుసార్లు పడింది. ఎడమ అంచు మీద ఇరవైసార్లు నొక్కాను, ఒక్కసారీ పడలేదు. తరవాత ఓటీజీ కేబుల్‌తో కంప్యూటర్ కీబోర్డు తగిలించి ఇరవైసార్లు కొట్టాను, ఇరవైకి ఇరవై పడ్డాయి. అంటే ఫోను బుర్ర బాగానే ఉంది, చెడింది స్పేస్ కింద డోము. అన్ని అక్షరాల కంటే ఎక్కువ దెబ్బలు తినేది అదే, ముందు పోయేదీ అదే. ఈ పరీక్షకి పట్టింది ఆరు నిమిషాలు, మీ పాటలో సగం కూడా కాదు.

ఇదంతా చెప్పాక ఆ పెద్దమనిషి అన్నది: "సరే సర్, ఒకసారి రీసెట్ చేసి చూడండి."

రెండో ఫోన్లో ఒకమ్మాయి. చాలా మర్యాద. "స్క్రీన్ మీద టచ్ కీబోర్డు వస్తుంది సర్, అది వాడొచ్చు కదా" అంది. వాడొచ్చు. కాలు నొప్పి అని వెళ్లినవాడికి చేతుల మీద నడవమని కూడా చెప్పొచ్చు. మూడో ఫోన్లో ఇంకొకాయన నేరుగా, మీ కొత్త టచ్ ఫోను మీద పది శాతం తగ్గింపు కూపన్ ఇస్తానన్నాడు. అడగనిది మాత్రం ఎంత వేగంగా ఇస్తారండీ! కూపన్ నిమిషంలో వచ్చింది, విడిభాగం ధర రెండు నెలలైనా రాలేదు.

టచ్ ఫోన్ల మీద నాకు పగేం లేదు. వానలో బస్సు కోసం నిలబడి ఒక్క మెసేజి కొట్టి చూడండి. టచ్ స్క్రీను వేలిని గుర్తుపట్టేది వేలు తగిలినచోట మారే కరెంటుతో; నీటిబొట్టూ దానికి వేలులాగే ఉంటుంది. మీరు 'క' కొడితే చినుకు ఇంకో రెండు కొడుతుంది. బటనుకి ఆ గొడవ లేదు, నొక్కితేనే నొక్కినట్టు. చూడకుండా కొట్టొచ్చు, బొటనవేలికి దారి తెలుసు. స్క్రీనులో సగం కీబోర్డుకి పోదు, రాసింది రాసినట్టు పైన కనిపిస్తుంది. ఇవన్నీ మీకు చెప్పడం తాతకి దగ్గులు నేర్పడం. మీరే ఒకప్పుడు ప్రకటనల్లో చెప్పారు, మేం నమ్మాం, కొన్నాం. కీబోర్డు ఫోను నోకియా ఈ71 వచ్చిన 2008 నుంచి చూస్తున్నాను, ఊళ్లో ఒక్కొక్కరే టచ్‌కి మారిపోతుంటే కీబోర్డుని వదలనివాళ్లు కొందరు మిగిలారు. అలా మిగిలినవాళ్లనే మీరు 'పాత మోడల్ కస్టమర్' అనే డబ్బాలో పడేశారు.

ఇక కొరియర్ కథ. నాలుగో ఫోన్లో పికప్ పెట్టారు, జులై 19న మనిషి వస్తాడన్నారు. రాలేదు. అడిగితే, "మావాడు వచ్చాడు సర్, మీరు ఇంట్లో లేరు" అన్నారు. ఎక్కడికి వచ్చాడయ్యా అంటే హోస్పేటకి! కర్ణాటకలో విజయనగర అని జిల్లా ఒకటి 2021లో పుట్టింది, దాని కేంద్రం హోస్పేట. మా విజయనగరం పిన్ కోడు 535తో మొదలవుతుంది, అక్కడిది 583తో. పిన్ కోడు ఉన్నది ఇందుకే. అంతకుముందు ఫోన్లో ఒకాయన దీన్ని విజయవాడగా సరిదిద్దాడు, అది 520. మూడు ఊళ్లూ తిరిగింది నా అడ్రసు, ఫోను మాత్రం నా జేబులోనే ఉంది. మా ఊరి పండగలో పైడితల్లమ్మ సిరిమాను కూడా గుడికీ కోటకీ మధ్య మూడుసార్లే తిరుగుతుంది. నా ఫిర్యాదు టికెట్టు మీ విభాగాల మధ్య ఆరుసార్లు తిరిగింది, దండం పెట్టినవాడు లేడు.

చివరికి జులై 28న నేనే విశాఖ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. టోకెన్ నంబరు 41. మూడు గంటలకి పిలిచారు. కౌంటర్లో కుర్రాడు ఫోను చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, పక్కవాణ్ణి పిలిచి, "ఒరే, ఇది చూడు, బటన్లు" అన్నాడు. మీ కంపెనీ పేరు వెనకాల చెక్కి ఉన్న ఫోన్ని మీ సెంటర్లో మ్యూజియం వస్తువులా చూశారు. అయినా తీసుకున్నారు. తొమ్మిది రోజులకి తిరిగిచ్చారు. జాబ్ షీటు మీద మూడక్షరాలు: ఎన్‌టీఎఫ్. లోపమేదీ కనబడలేదు అని దానర్థమట. ఫోను విప్పనే లేదన్నారు.

బస్సులో తెరిచి చూస్తే స్పేస్‌తో పాటు ఇంకో నాలుగు అక్షరాలు పోయాయి. పక్కపక్కన ఉన్నవి కావు, చెల్లాచెదురుగా. ఈ సంగతి తెలిసినవాడికి ఇక్కడే వెలుగుతుంది. కీబోర్డులో ప్రతి బటనుకీ విడి తీగ ఉండదు, అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని గీతలుంటాయి. ఒక్కో గీత మీద కొన్ని అక్షరాలు కడతారు. ఒక్క అక్షరం పోతే డోము. ఒకే గీత మీదున్నవన్నీ ఒకేసారి పోతే ఆ గీత ఎక్కడో తెగినట్టు, లేదా మెయిన్ బోర్డుకి వెళ్లే ఫ్లెక్స్ రిబ్బను (వంగే పల్చటి తీగల పట్టీ) సరిగ్గా కూర్చోనట్టు. అంటే విప్పారు.

గంటస్తంభం దగ్గర రిపేరు కుర్రాడి చేత, నా కళ్లెదుటే తీయించాను. వెనక మూత స్క్రూల్లో ఒకటి లేదు. ఫ్లెక్స్ దూర్చే కనెక్టరుకి గోధుమరంగు గొళ్లెం ఒకటి ఉంటుంది, గోటితో పైకి లేపాలి, రిబ్బను నిటారుగా దూర్చాలి, మళ్లీ దించాలి. అది రెండుగా విరిగి ఉంది. విరిగినదాని మీద పసుపు టేపు ముక్క, వేలిముద్రతో సహా. రిబ్బను మెడ దగ్గర కాగితం మడతపెట్టినట్టు తెల్లటి గీత. కుర్రాడు చూసి, "సార్, ఇప్పేసి ఇప్పలేదంటారేటి?" అన్నాడు. మీ సెంటర్ మొత్తంలో ఎవరూ అడగని ప్రశ్న అది. ఫోటోలు తీశాం. ఆగస్టు 7న అయిదో మెయిల్‌కి జత చేశాను.

ఆ మెయిల్‌కి వచ్చిన జవాబు: "మీ టికెట్ విజయవంతంగా పరిష్కరించబడినది. మా సేవకి అయిదింటిలో ఎన్ని చుక్కలిస్తారు?"

నాకు ఒళ్లు మండింది అక్కడ. డోము పోవడం దగ్గర కాదు. లక్షల నొక్కులు తిన్న వస్తువు ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. మీ సెంటర్లో గొళ్లెం విరగడం దగ్గర కూడా కాదు, చేతిపని చేసేవాళ్లకి చెయ్యి జారుతుంది, "విరిగింది సార్" అంటే అయిపోను. పరిష్కారమైందని మీకు మీరే రాసేసుకున్నారే, అక్కడ. ఆరో మెయిల్‌కి దిక్కే లేదు.

మీ ధంధాలోనే ఉన్న ఇంకొక కంపెనీని చూడండి. కీబోర్డు ఫోన్లకి పేరుపడ్డ బ్లాక్‌బెర్రీ తన పాత ఓఎస్ ఫోన్ల సర్వీసుల్ని 2022 జనవరి 4న ఆపేసింది. మాలాంటివాళ్లకి అది మంచిరోజు కాదు. కానీ ఫలానా తేదీ తరవాత కాల్స్, మెసేజ్‌లు సరిగ్గా పనిచేస్తాయని నమ్మకం లేదని ముందుగానే చెప్పింది. జనం నంబర్లు దించుకున్నారు, వేరే దారి చూసుకున్నారు. మీరు 'భాగాలు లేవు' అని కూడా చెప్పరు, 'ఉన్నాయి, ఇంత' అని కూడా చెప్పరు. 'చూస్తున్నాం సర్' అంటారు. రెండు నెలలుగా ఏం చూస్తున్నారో అదైనా చెప్పండి.

బయట దొరకవా అంటారేమో. దొరుకుతాయి. పాత ఫోన్లలోంచి పీకినవి. వాటి స్పేస్ డోము నా దానికంటే ముందే అలిసిపోయి ఉంటుంది. లేదంటే విడి డోముల షీట్లు, 4 మిల్లీమీటర్లవీ 5 మిల్లీమీటర్లవీ. కొలత సరిపోయినా గట్టిదనం సరిపోదు, ఒక బటను రాయిలాగా పక్కది బూరెలాగా ఉంటుంది. ఉన్నదాన్నే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టి చూశాం, నలుపు పోయింది, చిట్లిన డోము అతుక్కోదు కదా. కాబట్టి ఒరిజినల్ డోము షీటు ఒకటి, కీబోర్డు ఫ్లెక్స్ ఒకటి, కనెక్టరు ఒకటి పంపండి. షీటుకి, ఫ్లెక్స్‌కి డబ్బులిస్తాను. కనెక్టరుకి ఇవ్వను, అది విరగ్గొట్టింది మీరు.

అవి లేవంటే లేవని కంపెనీ లెటర్‌హెడ్ మీద సంతకంతో రాసివ్వండి. ఫోను ధర వాపసు ఇవ్వండి. విశాఖ రాకపోకల ఖర్చు ఇవ్వండి. ఎన్‌టీఎఫ్ అని రాసినాయన చేత 'విప్పాను' అని రాయించి పంపండి. రాస్తున్నకొద్దీ పెరుగుతోంది, మీరు ఆలస్యం చేసినకొద్దీ ఇంకా పెరుగుతుంది.

వారంటీ ఎప్పుడో అయిపోయిందని మీ లీగల్ వాళ్లు అంటారని తెలుసు. నేను వారంటీ అడగడం లేదు. జులైలో మీ చేతికిచ్చిన వస్తువు ఇంకాస్త పాడై వచ్చింది, అది సేవాలోపం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉన్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, మీ హెడ్డాఫీసు ఉన్న ఊరికి రానక్కర్లేదు. రెండేళ్ల గడువుంది. అయిదు లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు. వకీలు కూడా అక్కర్లేదు, మాట్లాడటం నాకు వచ్చు, మీ పదకొండు కాల్స్ నేర్పాయి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అది అయ్యాక జిల్లా వినియోగదారుల కమిషన్. మీ ప్రతినిధి విజయనగరం రావాలి మరి. హోస్పేటలో దిగిపోకుండా చూసుకోండి.

గడువు సిరిమానోత్సవం మంగళవారం వరకు. ఏ తేదీయో అర్థం కాకపోతే దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. మీ కంప్యూటర్లో అది 'పదిహేను పనిదినాలు' అని పడితే నాకు సంబంధం లేదు.

ఈ ఉత్తరం నా ఫోన్లో కొట్టలేకపోయాను, కారణం మీకు తెలుసు. డీటీపీ షాపులో కొట్టించాను. షాపు బిల్లు, టేపు మీద వేలిముద్ర కనబడేలా తీసిన ఫోటో జత చేస్తున్నాను. వేలిముద్ర ఎవరిదో మీ సెంటర్లో కనుక్కోండి.

ఇట్లు,
మీ పాత మోడల్ కస్టమర్
(పేరు పదిహేడు చోట్ల ఉంది)