ఆదివారం చర్చ: పరువు నష్టం

అందరికీ నమస్కారం 🙏

మన స్టడీ సర్కిల్ ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలకు ఆన్‌లైన్‌లో. లింక్ శనివారం రాత్రి ఇక్కడే పెడతాను.

విషయం: పరువు నష్టం. 2024 జులై 1 నుంచి ఇది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. పాత ఐపీసీ 499, 500 చదివినవాళ్లు కంగారు పడొద్దు, నిర్వచనం దాదాపు అదే. శిక్షలో మాత్రం రెండేళ్ల వరకు సాధారణ జైలు, జరిమానాలతో పాటు సమాజ సేవ కూడా చేరింది.

సెక్షన్‌లోని ఉదాహరణలు తప్పకుండా చూడండి. "బి వాచీ ఎవరు కొట్టేశారు?" అని అడిగితే, 'ఎ' నోరు మెదపకుండా 'జడ్' వైపు వేలు చూపిస్తాడు. అదీ పరువు నష్టమే! "జడ్ నిజాయితీపరుడు, ఆ వాచీ అస్సలు తీయలేదు" అని వెటకారంగా అన్నా అంతే. (మన గ్రూపులో ఎమోజీల సంగతేంటో ఎవరైనా ఆలోచించి రండి 😄)

అసలు గొడవంతా పది మినహాయింపుల (ఎప్పుడు పరువు నష్టం కాదో సెక్షన్‌లో చెప్పిన సందర్భాలు) దగ్గరే. "ఉన్నమాటే కదా అన్నాను" అంటే క్రిమినల్ కేసులో సరిపోదు. అది బయటపెట్టడం ప్రజాహితమనీ చూపాలి.

సివిల్ దావాకు గడువు ఏడాదే. దాని మీద ఓ పది నిమిషాలు చాలు.

మీరు చేయాల్సింది: తలా ఒక మినహాయింపు ఎంచుకుని, దాని నంబరు శుక్రవారంలోగా ఇక్కడ రాయండి. ముందు రాసినవాళ్లదే ఆ నంబరు.

గుర్తుంచుకోండి: ఉదాహరణల్లో మీ ఆఫీసువాళ్ల పేర్లు, చుట్టాల పేర్లు వద్దు. ఎ, బి, జడ్‌లతోనే కానిద్దాం.