గండికోట నలుపు తెలుపు ఫొటోల గురించి మా కస్టమర్లకు

అందరికీ నమస్కారం. సంక్రాంతి తర్వాత గండికోటలో మేము తీసిన నలుపు తెలుపు ప్రీ వెడ్డింగ్ ఫొటోల్లో మూడు జంటలవి సరిగా రాలేదు. తప్పు నాది. వాళ్ళతో ముందే మాట్లాడాను. కడపలో మా స్టూడియోను నమ్మి వచ్చే మిగతా వాళ్ళకూ తెలియాలని ఇది రాస్తున్నాను.

ఫిలిం రోజుల్లో మా నాన్న లెన్స్‌కు ఎర్ర ఫిల్టర్ బిగించి తీసేవారు. ఎర్ర గాజు నీలి వెలుతురును ఆపేస్తుంది. దాంతో ఆకాశం నల్లబడుతుంది, మబ్బులు తెల్లగా పైకి తేలతాయి, పెన్నా లోయ ఎర్రరాయి మెరుస్తుంది. అదే ఫిల్టర్‌ను నేను డిజిటల్ కెమెరాకు తగిలించాను. ఆకాశం అనుకున్నట్టే వచ్చింది. స్క్రీన్ మీద చూసి మురిసిపోయాను.

ఆల్బం ఇచ్చిన రోజు పెళ్ళికూతురి అవ్వ పేజీ మీద వేలు పెట్టి, "ఏం నాయనా, పిల్లకు బొట్టే లేదే?" అన్నారు. నిజమే. ఆ గాజు వెనక ఎరుపంతా తెల్లబడుతుంది. నుదుటి మీది కుంకుమ చర్మంలో కలిసిపోయింది. పెదవులు పాలిపోయాయి. ఎర్ర పట్టుచీర తెల్లచీరలా పడింది. పెళ్ళింట్లో ఆ ఫొటో చూస్తే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆమె ముందు నాకు మాట రాలేదు.

ఇంకో నష్టం పెద్ద ప్రింట్లలో బయటపడింది. మామూలు డిజిటల్ కెమెరాలో వెలుతురును పట్టే సెన్సార్ ఉంటుంది. అందులో ప్రతి నాలుగు పిక్సెళ్ళలో (చుక్కల్లో) రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి. ఎర్ర ఫిల్టర్ పెడితే సరిగా వెలుతురు అందేది ఆ ఒక్క ఎరుపు పిక్సెల్‌కే. అందుకే నీడ ఉన్న చోటల్లా నాయిస్ (ఇసుక చల్లినట్టు చుక్కలు), జడ అల్లికలో స్పష్టత లేదు. పైగా ఒక జంట కలర్ కాపీలు అడిగితే ఇవ్వలేకపోయాను. ఫైల్ అంతా ఎరుపే.

ఇకమీదట మామూలు కెమెరాకు రంగు ఫిల్టర్ వాడను. రా ఫైల్‌లో (కెమెరా పట్టిన వివరాలన్నీ మార్చకుండా దాచే ఫైల్) కలర్‌గానే తీసి, కంప్యూటర్‌లో నలుపు తెలుపు చేస్తాను. అక్కడ నీలాన్ని మాత్రం తగ్గిస్తే ఆకాశం ముదురుతుంది, కుంకుమ దాని చోట అది ఉంటుంది. మరీ ఎక్కువ తగ్గిస్తే ఆకాశంలో మచ్చలు వస్తాయి. కాబట్టి సినిమా పోస్టర్ అంత నల్లటి ఆకాశం కావాలంటే ప్రతిసారీ కుదరదని ముందే చెబుతున్నాను. కలర్ కాపీలు కూడా ఇస్తాం, దానికి వేరే చార్జీ లేదు.

పోలరైజర్ అనే ఇంకో రకం ఫిల్టర్ మాత్రం నా బ్యాగులోనే ఉంటుంది, అది రంగు ఫిల్టర్ కాదు. నీటి మీద తళతళను అది షూటింగ్ సమయంలోనే తీసేస్తుంది, తర్వాత కంప్యూటర్‌లో ఆ పని సరిగా జరగదు.

ఆ మూడు జంటలకు గండికోటలోనే మళ్ళీ తీస్తాను. డబ్బు తీసుకోను, కారు ఖర్చు కూడా నాదే. మొదటి జంట వచ్చే శనివారం వస్తున్నారు. అదే ఎర్ర పట్టుచీర కట్టుకొని రమ్మని చెప్పాను. అవ్వను కూడా పిలుచుకొని రమ్మన్నాను.