యజమాని షేర్లు అమ్మితే...

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా బావగారు అన్నం తింటూ ఫోన్ చూసి, కంచం పక్కకు నెట్టి, తన షేర్లన్నీ నష్టానికి అమ్మేశారు. ‘ప్రమోటర్ వాటా అమ్మకం’ అని వార్త వచ్చిందట. ప్రమోటర్ అంటే కంపెనీని చేతిలో పెట్టుకున్న యజమాని. ఎంత అమ్మాడో, ఎందుకు అమ్మాడో చూడనేలేదు.

లోగుట్టు తెలిసినవాడే వదిలించుకుంటున్నాడంటే ఎవరికైనా టెన్షనే. పైగా షేర్లు గుట్టగా వచ్చిపడితే కొనేవాళ్లు ధర తగ్గించి అడుగుతారు. 2021 నవంబరులో ఎలాన్ మస్క్ తన టెస్లా వాటాలో 10 శాతం అమ్మాలా అని ట్విట్టర్‌లో అడిగితే, మూడు రోజులకు ఒక్కరోజే షేరు సుమారు 12 శాతం పడింది. ఆయనకేమో అప్పట్లో స్టాక్ ఆప్షన్ల (ముందే ఖాయం చేసిన ధరకు కంపెనీ షేర్లు కొనే హక్కు) మీద భారీ పన్ను కట్టాల్సి ఉండింది.

మన సత్యం కంప్యూటర్స్ సంగతి వేరు. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్లను 2008 చివర్లో అప్పిచ్చినవాళ్లు అమ్మేశారు. 2009 జనవరి 7న దొంగ లెక్కల బండారం బయటపడింది. అక్కడ భయం నిజమే.

అందుకే ఇలాంటి వార్త వేసేటప్పుడు ఎంత అమ్మారు, ఇంకా ఎంత మిగిలింది, తాకట్టులో ఎంత ఉంది అన్నవి కూడా వేయండి. ఈ వివరాలు స్టాక్ ఎక్స్ఛేంజీల సైట్లలో దొరుకుతాయి. మా బావగారి లాంటివాళ్లు చదివేది మాత్రం మీ పేపరే.

– ఒక పాఠకురాలు, విజయవాడ