1915 ఏప్రిల్ లేని పుస్తకం, జవాబు చెప్పని సంస్థ

విషయం: 1914–15 ఇంగ్లిష్ ఫుట్‌బాల్ సీజన్ పుస్తకంలో లోపించిన పేజీల గురించి, అంతకంటే ముఖ్యంగా మీ మౌనం గురించి.

అయ్యా / అమ్మా,

ఈ ఉత్తరం ఎవరి పేరున రాయాలని మీ కస్టమర్ కేర్‌ను అడిగితే "సంబంధిత విభాగానికి రాయండి" అన్నారు. ఆ విభాగం పేరేమిటని అడిగేసరికి ఫోను పెట్టేశారు. కాబట్టి ఎక్కడో ఉన్న ఆ సంబంధిత విభాగం వారికి ముందుగా నా నమస్కారం.

మీ ఆన్‌లైన్ అంగడిలో నేను కొన్నది ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ 1914–15 సీజన్ చరిత్ర. మార్చి నెల వరకు పుస్తకం సవ్యంగానే నడుస్తుంది. ఆ తరువాత పేజీ తిప్పితే మళ్లీ సెప్టెంబరు వస్తుంది. చదివేసిన సెప్టెంబరునే ఇంకోసారి చదివించి, పుస్తకం నేరుగా అనుక్రమణికకు వెళ్లిపోతుంది. ఏప్రిల్ లేదు. బైండింగులో ఫారాలు, అంటే పేజీల కట్టలు, తారుమారయ్యాయని చూసిన వారెవరికైనా తెలిసిపోతుంది. అచ్చాఫీసుల్లో ఇలాంటివి జరుగుతుంటాయి, దానికి నాకు కోపం రాలేదు. పుస్తకం మీద నా ఫిర్యాదు ఇక్కడితో అయిపోయింది. ఇక రాయబోయేదంతా మీ గురించే.

మొదట ఫోను చేశాను. తెలుగు కావాలంటే రెండు నొక్కమన్నారు, నొక్కాను. చాలాసేపు సంగీతం వినిపించి, నా కాల్ మీకు ఎంతో ముఖ్యమని నడుమ నడుమ గుర్తు చేసి, చివరికి తెలుగు రాని ఒక యువకుడికి కలిపారు. నాకు వచ్చిన హిందీలో విషయం చెప్పాను. "సీజన్" అన్న మాట వినగానే ఆయన హుషారుగా, మ్యాచ్ రద్దయితే టికెట్ డబ్బు వారం రోజుల్లో ఖాతాలో పడుతుందని భరోసా ఇచ్చాడు. ఇది టికెట్ కాదు నాయనా, పుస్తకం, ఆ మ్యాచ్‌లు జరిగి నూరేళ్లు దాటిందని చెప్పాను. "అయితే గడువు ముగిసింది సర్" అన్నాడు. వెటకారం కాదు, ఎదురుగా ఉన్న తెరమీద కనిపించింది చదివాడు.

తరువాత చాట్‌లోకి వెళ్లమన్నారు. అక్కడ మనిషి ఉండడు, మనిషిలా పలకరించే యంత్రం ఉంటుంది. నేను "పేజీలు లేవు" అని రాస్తే అది "ఎక్కువ పేజీలున్న పుస్తకాలు చూస్తారా?" అని అడిగి, నాలుగు నవలలు చూపించింది. ఎంతో వేడుకున్న మీదట అది నన్ను ఒక ఉద్యోగినికి అప్పగించింది. ఆవిడ మర్యాదగానే మాట్లాడింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆవిడ కోరిన ఆధారం మాత్రం నేను జన్మలో మరచిపోలేను. లోపించిన పేజీలను ఫోటో తీసి పంపమంది! లేని పేజీలకు ఫోటో ఎలా తీస్తారమ్మా అని అడిగితే, ఫోటో లేనిదే ఫిర్యాదు ముందుకు కదలదని చెప్పింది. పంపాను. మార్చి ముగిసే పేజీ, దాని పక్కనే మళ్లీ మొదలైన సెప్టెంబరు, రెండూ కనిపించేలా తీసి పంపాను. సాయంత్రానికి మెసేజ్ వచ్చింది: "ఫోటోలో పేజీలు స్పష్టంగా ఉన్నాయి. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

మళ్లీ ఫోను. ఈసారి తెలుగు వచ్చిన వ్యక్తే దొరికాడు. ప్రాణం లేచి వచ్చింది. అంతా విని అతను అడిగిన ప్రశ్నే ఇంత పొడుగు ఉత్తరం రాయిస్తోంది. "అంత పెద్ద పుస్తకంలో ఒక్క నెల లేకపోతే ఏమవుతుంది సర్? అందులో అంత ముఖ్యమైన సమాచారం ఉందా?" నేను జవాబు మొదలుపెట్టేలోపే లైను పోయింది. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాను. దయచేసి ఆయనకు చదివి వినిపించండి.

ఆ సీజన్ మొదలయ్యేనాటికే యూరప్‌లో యుద్ధం వచ్చింది. కుర్రవాళ్లు కందకాలకు పోతుంటే వీళ్లకు ఆటలేమిటని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. డిసెంబరులో లండన్‌లోని ఫుల్హామ్ టౌన్‌హాల్‌లో సభ పెట్టి ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసమే ఒక దళాన్ని, మిడిల్‌సెక్స్ రెజిమెంటు 17వ బెటాలియన్‌ను, ఏర్పాటు చేశారు. అందులో మొదట చేరినవాడు ఫ్రాంక్ బక్లీ అనే ఆటగాడు. ఇదంతా నా పుస్తకంలో ఉంది, డిసెంబరుకు ఏ లోటూ లేదు. అయితే ఆ సీజన్‌ను వందేళ్ల తరువాత కూడా జనం తలుచుకోవడానికి కారణాలన్నీ మీరు పంపని నెలలోనే ఉన్నాయి.

ఏప్రిల్ 2, గుడ్ ఫ్రైడే. ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్ తలపడ్డాయి. యునైటెడ్ దిగువ డివిజన్‌కు జారిపోయే ప్రమాదంలో ఉంది. జార్జ్ ఆండర్సన్ రెండు గోల్స్ కొట్టాడు, యునైటెడ్ 2–0తో గెలిచింది. ఇందులో వింత ఏముందంటారా? ఆ 2–0 స్కోరు మీదే ఒకటికి ఏడు చొప్పున పందేలు కాసి ఉన్నారు. యునైటెడ్‌కు పెనాల్టీ దొరికితే ప్యాట్రిక్ ఓకానెల్ బంతిని గోలుకు చాలా దూరంగా తన్నాడు. చివర్లో లివర్‌పూల్ ఆటగాడు ఫ్రెడ్ పాగ్నమ్ కొట్టిన బంతి గోలు పైకమ్మీకి తగిలితే, సొంత జట్టువాళ్లే అతని మీద విరుచుకుపడ్డారట, ఎందుకు కొట్టావని! ఆ ఏడాది డిసెంబరులో ఫుట్‌బాల్ అసోసియేషన్ విచారణ ముగించి, ఫలితాన్ని ముందే కుదుర్చుకున్నారని ఏడుగురు ఆటగాళ్లను జీవితకాలం నిషేధించింది. యునైటెడ్ నుంచి శాండీ టర్న్‌బుల్, ఆర్థర్ వాలీ, ఈనక్ వెస్ట్. లివర్‌పూల్ నుంచి జాకీ షెల్డన్, టామ్ మిల్లర్, బాబ్ పర్సెల్, టామీ ఫెయిర్‌ఫౌల్.

గమనించారా? దేశం యుద్ధంలో ఉంది, విచారించాల్సినవాళ్లలో సైన్యంలో చేరినవాళ్లూ ఉన్నారు. అయినా ఆ ఏడాది దాటకముందే విచారణ జరిగింది, పేర్లతో సహా తీర్పు వచ్చింది. మీకు యుద్ధమూ లేదు, పట్టుమని ఒక కొరియరు పంపితే సరిపోయే పని. మీరు చేసిన విచారణల్లా ఎన్ని నక్షత్రాలు ఇస్తారని నన్ను అడగడం.

ఆ మర్నాడు, ఏప్రిల్ 3. మిడిల్స్‌బ్రోలో ఓల్డమ్ అథ్లెటిక్ ఆడుతోంది. ఓల్డమ్ వాళ్లు 4–1తో వెనకబడి ఉన్నారు. రిఫరీ బిల్లీ కుక్ అనే డిఫెండర్‌ను బయటికి పొమ్మన్నాడు. అతను పోనన్నాడు. ఎంత చెప్పినా మైదానం దిగలేదు. చివరికి రిఫరీయే ఆట ఆపేసి వెళ్లిపోయాడు. ఫలితాన్ని 4–1గానే ఖాయం చేశారు, కుక్‌ను ఏడాది పాటు ఆడనివ్వలేదు. ఆ సీజన్‌లో ఓల్డమ్ ఒకే ఒక్క పాయింటు తేడాతో టైటిల్ పోగొట్టుకుంది. ఎవర్టన్ 46, ఓల్డమ్ 45. ఆ చిన్న ఊరి జట్టు మళ్లీ ఎన్నడూ అంత దగ్గరికి రాలేదు. ఈ వృత్తాంతం నేను వేరే చోట చదివి తెలుసుకోవాల్సి వచ్చింది. డబ్బు కట్టింది మాత్రం మీకు.

ఏప్రిల్ 24న, లీగ్‌తో పాటు వేరుగా జరిగే ఎఫ్.ఏ. కప్ పోటీ ఫైనల్. ఫైనల్ జరిగే క్రిస్టల్ ప్యాలెస్ మైదానాన్ని నౌకాదళం తీసుకోవడంతో ఆటను ఓల్డ్ ట్రాఫోర్డ్‌కు మార్చారు. ప్రేక్షకుల్లో సైనికులు ఎంతమంది ఉన్నారంటే ఆ ఫైనల్‌కు ఖాకీ ఫైనల్ అనే పేరు నిలిచిపోయింది. షెఫీల్డ్ యునైటెడ్ 3–0తో చెల్సీని ఓడించింది. కప్పు అందిస్తూ లార్డ్ డెర్బీ, ఇక అందరూ కలిసి దేశం కోసం ఆడండని ఆటగాళ్లతో అన్నాడు. ఆ తరువాత యుద్ధం ముగిసేదాకా లీగ్ లేదు. అంటే నాకు అందనిది ఏదో ఒక నెల కాదు. నాలుగేళ్ల పాటు ఆగిపోయిన ఆటకు అది ముగింపు. పెళ్లి భోజనానికి పిలిచి, విస్తరి వేసి, ఉప్పు వడ్డించి, చేయి కడుక్కోమన్నట్టుంది మీ వ్యవహారం.

ముఖ్యమైన సమాచారమేనా అని అడిగిన ఆ బాబుకు ఇది చాలుననుకుంటాను.

ఆ తరువాత ఏమైందో కూడా చెప్పాలి. సూపర్‌వైజరు ఇరవై నాలుగు గంటల్లో ఫోను చేస్తారన్నారు. ఏ ఇరవై నాలుగు గంటలో చెప్పలేదు. మళ్లీ నేనే చేస్తే, ఆ పుస్తకం అమ్మింది మేము కాదు, మా వేదిక మీద వేరొక విక్రేత అన్నారు. ఆ విక్రేతకు రాస్తే అచ్చువేసిన వారిని అడగమన్నాడు. అచ్చువేసిన వారు, ఎక్కడ కొన్నారో అక్కడే మార్పిడి అని రెండు ముక్కల్లో తేల్చేశారు. తిరిగి మీ దగ్గరికి వస్తే, పుస్తకం తిప్పి పంపే గడువు దాటిపోయిందన్నారు. ఆ గడువు దాటించింది ఎవరు? లేని పేజీల ఫోటో కోసం ఎదురుచూసింది ఎవరు? ఈ ప్రశ్న వేస్తే మీ ఉద్యోగి, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని పద్యంలా అప్పజెప్పాడు. ఆ చింత ఆయన గొంతులో ఎక్కడా లేదు. పాపం, ఆయన తప్పేముంది, రాసిచ్చినది చదివాడు. నా తగవు అది రాసిచ్చిన వారితో.

నేను మీకు కొత్త కాదు. మీ సంస్థ పుస్తకాలు తప్ప ఇంకేమీ అమ్మని రోజుల నుంచి మీ దగ్గరే కొంటున్నాను. సికింద్రాబాద్‌లో నాతో బంతి ఆడిన పాత మిత్రులు, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ప్రేక్షకులుగా మిగిలినవాళ్లు, నా మాట మీదే మీకు కొనుగోలుదారులయ్యారు. వేరేచోట తక్కువ ధరకు దొరికినా, మనవాళ్లు నమ్మకస్తులని మిమ్మల్నే వెనకేసుకొచ్చాను. ఆ "మనవాళ్లు" అన్న మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

విశ్వాసానికి దక్కే ఫలం ఏమిటో కూడా ఆ సీజనే చెబుతుంది. 1915లో చెల్సీ 19వ స్థానంలో, టాటెన్‌హామ్ 20వ స్థానంలో ముగించాయి, అంటే దిగువ డివిజన్‌కు జారాల్సిన చివరి రెండు స్థానాల్లో. 1919లో లీగ్ మళ్లీ మొదలైనప్పుడు మొదటి డివిజన్‌ను 20 జట్ల నుంచి 22కు పెంచారు. చెల్సీని ఉంచేశారు. ఫిక్సయిన మ్యాచ్‌తో బయటపడ్డ మాంచెస్టర్ యునైటెడ్ దానికంటే ఒక్క పాయింటే పైన ఉంది కాబట్టి అది న్యాయమే. మిగిలిన ఒక్క స్థానానికి ఓట్లు పెట్టి, టాటెన్‌హామ్‌ను కాదని, రెండో డివిజన్‌లో ఉన్న ఆర్సెనల్‌ను పైకి తెచ్చారు. 18 ఓట్లు వాళ్లకు, 8 టాటెన్‌హామ్‌కు. లీగ్ అధ్యక్షుడు జాన్ మెక్కెన్నా చెప్పిన కారణం, ఆర్సెనల్ ఎన్నో ఏళ్లుగా లీగ్‌లో సభ్యత్వం ఉన్న క్లబ్బని! 1888లో లీగ్ పుట్టినప్పటి నుంచీ ఉన్న వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్ అదే పోటీలో ఉంది, రెండో డివిజన్‌లో ఆర్సెనల్ కంటే పైనే ముగించింది కూడా. దానికి దక్కినవి 4 ఓట్లు. మీ దగ్గర నా పరిస్థితి ఆ వుల్వర్‌హాంప్టన్‌దే. మీ ప్రత్యేక సభ్యత్వానికి నిన్నగాక మొన్న డబ్బు కట్టినవారికి మాత్రం గంటలో మనిషి పలుకుతాడని విన్నాను.

ఇక నాకేం కావాలంటారా? మొదట్లో ఆ ఏప్రిల్ పేజీలు కావాలనుకున్నాను. ఇప్పుడు అవి పంపినా నా కోపం పోదు. పుస్తకం మార్చి ఇస్తారో, డబ్బు వెనక్కి వేస్తారో మీరే తేల్చుకోండి. నాకు కావలసింది, నేను చెప్పినది విన్న ఒక మనిషి, తన పేరూ హోదా రాసి, సంతకం పెట్టి పంపిన ఒక జవాబు. అందులో "అసౌకర్యం" అన్న పదం ఉండకూడదు.

ఈనక్ వెస్ట్ గురించి చెప్పాను కదా. తాను నిర్దోషినని చివరిదాకా వాదించాడు, కోర్టుకెక్కి ఓడిపోయాడు. యుద్ధం ముగిశాక మిగతావారి మీద నిషేధం ఎత్తేశారు, ఫ్రాన్స్‌లో ప్రాణాలు కోల్పోయిన టర్న్‌బుల్ పేరు మీద కూడా. వెస్ట్ మీద మాత్రం 1945 దాకా ఎత్తేయలేదు. అప్పటికి ఆయన వయసు 59. నాకు ఆయనంత ఓపిక లేదు, వయసులో ఆయన్ని ఎప్పుడో దాటేశాను.

పదిహేను రోజులు చూస్తాను. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఫీజెంత, కాగితాలేమిటి అన్నీ కనుక్కున్నాను. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోను చేస్తాను. ఆ నంబరు ఏమిటో తెలుసా? 1915. మీరు నాకు ఇవ్వని ఏప్రిల్ ఆ ఏడాదిదే. ఇది నేను కల్పించింది కాదు, ప్రభుత్వమే ఇచ్చింది.

మీ వేదిక మీద ఉన్న నా ఖాతా మూయించే పని కూడా మొదలుపెట్టాను. అందుకు ముందు కస్టమర్ కేర్‌తో మాట్లాడాలని చూపిస్తోంది.

నాకు ఫోను చేసి నక్షత్రాలు అడగవద్దు. ఫోటో పంపమనవద్దు. ఈ ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో, అందినట్టు సంతకం తీసుకునే పద్ధతిలో పంపుతున్నాను. ఇన్నాళ్లకు మీలో ఒకరి సంతకమైనా నా చేతికి వస్తుంది.

ఇట్లు,
మీ పాత కొనుగోలుదారు,
సికింద్రాబాద్

జతపరచినవి: బిల్లు నకలు, మీరు పంపిన "పరిష్కరించబడింది" మెసేజ్‌ల నకళ్లు, రెండో సెప్టెంబరు మొదటి పేజీ ఫోటో.