‘మృతుడికి భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు’ అన్న తర్వాత...

సంపాదకులకు,

రైతు ఆత్మహత్య వార్త చాలాసార్లు ‘మృతుడికి భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు’ అన్న మాటతో ముగుస్తుంది. ఆ భార్య గురించే ఈ ఉత్తరం.

పదకొండో రోజు దాకా ఇంటినిండా జనం ఉంటారు. కర్మ అయిపోగానే చుట్టాలు ఎవరి దారిన వాళ్లు వెళ్తారు. ఆ తర్వాత అప్పులవాళ్లు గడప తొక్కుతారు. అప్పుడే ఆమె కాగితాల కోసం తిరగాలి. తెలంగాణలో 2015లో పరిహారాన్ని 6 లక్షలకు పెంచారు, అందులో లక్ష అప్పుల పరిష్కారానికి. అది రావాలంటే ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు ఉన్న త్రిసభ్య కమిటీ విచారించి తేల్చాలి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, పాసుపుస్తకం, అప్పు పత్రాలు పట్టుకుని, భర్త ఎట్లా పోయాడో ప్రతి టేబుల్ దగ్గరా మొదటినుంచి చెప్పాలి. 2018లో వచ్చిన 5 లక్షల రైతు బీమా పట్టా ఉన్నవాళ్లకే. కౌలురైతు ఇంటికి అదీ లేదు.

ఈ సమయంలో ఆమెకు కావలసిన మనిషి ఇదే దారిలో నడిచి వచ్చిన మరో ఆడమనిషి. మహిళా సంఘాలు, గ్రామైక్య సంఘాలు, మండల సమాఖ్యలు ఊరూరా ఉన్నాయి కాబట్టి కొత్త వ్యవస్థ అక్కర్లేదు. నాలుగైదు ఊళ్లకు కలిపి, ఇట్లా భర్తను పోగొట్టుకున్న ఆరు నుంచి ఎనిమిది మంది ఆడవాళ్లతో ఒక తోడు బృందం పెట్టండి. సొంత ఊళ్లోనే పెడితే అత్తవారి చెవిన పడుతుందని నోరు విప్పరు. పొరుగూరికి రావాలంటే బస్సు చార్జీ ఇవ్వాలి, ఇది మరిచిపోతే రెండో సమావేశానికే సగంమంది రారు.

నడిపేవాళ్లు ఇద్దరుండాలి. అందులో ఒకరు భర్తను పోగొట్టుకుని కనీసం రెండేళ్లయినవారై ఉండాలి. గాయం పచ్చిగా ఉన్నవాళ్లను నడిపించమంటే ఇద్దరికీ నష్టమే. చావు జరిగిన మూడో వారంలో ఇంటికెళ్లి పలకరించాలి. రమ్మని పిలవాలి, బలవంతం చేయకూడదు. కొందరు తమవాళ్ల మధ్యే తేరుకుంటారు. పదిహేను రోజులకోసారి గంటన్నర చొప్పున, మొదటి సంవత్సరీకం దాటేదాకా సాగాలి. పిల్లలు ఇళ్లకు వెళ్లాక అంగన్‌వాడీ కేంద్రం బాగుంటుంది. మగవాళ్లు కూర్చునే పంచాయతీ ఆఫీసు పనికిరాదు.

చాప మీద గుండ్రంగా కూర్చున్నాక మొదటి ప్రశ్న ‘ఎట్లయింది?’ కాకూడదు. ‘అన్నం తిన్నవా? నిద్ర పడుతున్నదా?’ అని అడిగితే చాలు. చావు సంగతి ఆమె చెబితే వినాలి, చెప్పించకూడదు. ‘పిల్లల మొఖం చూసి ధైర్యంగా ఉండు’ అనే మాట మంచి మనసుతోనే అంటారు, కానీ ఆ మాటతో ఆమె ఏడుపు గొంతులోనే ఆగిపోతుంది. ఎవరైనా మౌనంగా కొంగు మడతలు పెడుతూ కూర్చుంటే అట్లాగే కూర్చోనివ్వాలి.

ఈ బృందాలు ఎక్కువగా చెడేది ఒక్కచోట. సంఘమే అప్పు ఇచ్చిన సంస్థ కూడా. తోడు సమావేశం రోజునే పొదుపు పుస్తకం తీసి బకాయి అడిగితే ఆమె మళ్లీ రాదు. రెండింటికీ రోజు వేరు, మనుషులు వేరుగా ఉండాలి. పరిహారంలో వాటా కోసం అత్తింట్లో గొడవలుంటాయి, కాబట్టి లోపలి మాట బయటికి పొక్కితే బృందమే పోయినట్టు. కొడుకును పోగొట్టుకున్న అత్తకూ దుఃఖం ఉంది. ఆమెను కోడలి పక్కన కాకుండా వేరే బృందంలో కూర్చోబెట్టాలి.

నడిపేవాళ్లు ఒక్కొక్కరు నాలుగు ఇళ్లకు మించి చూడలేరు. వాళ్లకు గౌరవ వేతనం, నెలకోసారి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నిపుణులతో సమావేశం తప్పనిసరి. బృందంలో ఎవరైనా ‘నేనూ పోతే బాగుండు’ అన్నా, తిండి పూర్తిగా మానేసినా ఒంటరిగా వదలకుండా వెంటనే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో మిగిలిన పురుగుమందు డబ్బాలు ముందే బయటికి చేర్చాలి. తొలకరి వాన, పిల్లల ఫీజుల జూన్, బతుకమ్మ ఆడేచోట పక్కకు నిలబెట్టే రోజులు మరీ కష్టం. ఆ వారాల్లో అదనంగా ఒకసారి ఇంటికెళ్లాలి. నిద్ర పట్టడం లేదంటే ఊళ్లో డాక్టరు చేతికిచ్చే నిద్రమాత్రలు దుఃఖానికి మందు కావు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే వద్దని చెప్పింది.

జింబాబ్వే రాజధాని హరారేలో ఆసుపత్రి ఆవరణలోని బెంచీల మీద శిక్షణ పొందిన అమ్మమ్మలు కష్టంలో ఉన్నవాళ్లతో మాట్లాడతారు. దానివల్ల కుంగుబాటు తగ్గిందని 2016లో వెలువడిన పరిశోధన చూపింది. మన సంఘాల ఆడవాళ్లకు ఆ నేర్పు లేదనడానికి కారణం కనిపించదు.

ప్రభుత్వం ఈ వానకాలం లోపు జిల్లాకు ఒక మండల సమాఖ్యలోనైనా మొదలుపెట్టాలి. మీరు చేయదగ్గ పని ఒకటుంది. ఇట్లాంటి వార్త అచ్చయిన ప్రతిసారీ దాని కిందే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 వేయండి. రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు.

— మహిళా సంఘాలతో పనిచేసే పాఠకులు, జనగామ జిల్లా