ఆరు జతలు లెక్కపెట్టిన అప్పకి

నాలుగు రోజులుగా సరైన నిద్ర లేదు. మూడుసార్లు తలంటుకున్నా జుట్టులో పొగ వాసన పోలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇవాళ రాయకపోతే ఇంక రాయలేనని కూర్చున్నాను.

గోపాల్‌పూర్‌లో మా అమ్మ ఇల్లు ఉందని మన బరంపురం వాళ్ళలో చాలామందికి తెలుసు. కింద మేముంటాం. పైన రెండు గదులు, డాబా మీద ఒక చిన్న గది టూరిస్టులకి రోజు లెక్కన ఇస్తాం. మొన్న ఆదివారం తెల్లారుజామున మూడున్నరకి ఆ ఇంటికి నిప్పంటుకుంది. మనుషులందరూ క్షేమం. అందరూ ఫోన్ చేసి ముందు అదే అడుగుతున్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

దసరా సెలవుల రద్దీ. దిగింది నలుగురు కుర్రాళ్ళు. బుకింగులో నలుగురే, ఆధార్ కాపీలూ నాలుగే. సాయంత్రం బొగ్గుల పొయ్యి ఒకటి తెచ్చి డాబా మీద చేపలు కాల్చుకున్నారట. పైన వంట చేయకూడదని తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో రాసి గోడకి అతికించాను. ఏ భాషలోనూ చదవలేదు. అర్ధరాత్రి ఆ బొగ్గుల మీద కాసిని నీళ్ళు చల్లి, చల్లారిపోయాయనుకుని, కిందికి తెచ్చి మెట్ల కింద ఉన్న ప్లాస్టిక్ చెత్త బక్కెట్లో పోసేశారు. బూడిద కప్పిన బొగ్గు లోలోపల గంటల తరబడి రాజుతూనే ఉంటుంది, ఒక్కోసారి మర్నాటి దాకా. కుంపటి మీద పాలు కాచిన మా అమ్మమ్మకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. బక్కెట్టు కరిగింది. పక్కనున్న పాత పరుపులు రెండు, కుర్చీలు అంటుకున్నాయి. పరుపులు అక్కడ పెట్టింది నేనే. పైవాళ్ళు దిగడానికి ఉన్న దారి ఆ మెట్లొక్కటే అని తెలిసీ పెట్టాను. మా ఆయన ఇంతవరకూ ఆ మాట అనలేదు. అందుకే నేనే రాస్తున్నాను.

పైన పొగ అలారం ఉంది కదా అంటారేమో. ఉంది. సిగరెట్టు పొగకి కూస్తోందని దానికి బాత్‌రూంలో పెట్టిన షవర్ క్యాప్ తొడిగి, రబ్బరు బ్యాండు బిగించారు. మర్నాడు వెళ్ళి చూస్తే మసి పట్టిన ఆ టోపీ అలాగే ఉంది.

ఇక అప్ప గురించి. అప్ప అంటే మా వైపు అక్క, ఇక్కడ చేపలమ్మే ఆవిడ.

ఆ వేళకి మా వీధిలో మెలకువగా ఉండేది చేపల వాళ్ళే. ఆవిడ ఒడ్డుకి వెళుతోంది, పడవలొస్తే కానాగంత చేపలు కొనుక్కుని మొదటి ఆటోలో బరంపురం బజారుకి పోదామని. మా మెట్ల కింద వెలుగు చూసి ముందు ఎవరో చలి కాచుకుంటున్నారనుకుందట. తర్వాత గేటు ఊడిపోయేలా బాదింది. "ఓలమ్మా, ఇల్లు కాలిపోతంది లెగండి" అన్న కేక నా చెవిలో ఇంకా ఉంది. ఆ కేక లేకపోతే ఇప్పుడు ఈ రాతా లేదు, నేనూ లేను.

మా ఆయన బక్కెట్టుతో నీళ్ళు తెచ్చారు గాని మీటరు బోర్డు అక్కడే, మంటకి పైనే ఉంది. నీళ్ళు కొట్టడానికి లేదు. నేను వంటింట్లోకి పరిగెత్తి, తలుపు వెనక క్యాలెండరు కింద వేలాడుతున్న, మంటలార్పే ఎర్ర సిలిండరు తెచ్చి, పిడి నొక్కుతున్నాను, నొక్కుతున్నాను, ఏమీ రావట్లేదు. పిన్ను లాగాలని గుర్తు లేదు. కొన్నరోజు ఆ కుర్రాడు చూపించాడు, నేను ఫోన్ చూసుకుంటున్నాను. ఈలోపు అప్ప తన చేపల సిల్వర్ బేసిన్‌తో ఇసుక ఎత్తి పోస్తోంది. మా గేటుకి ఎదురుగా అంతా ఇసుకే, అరవై ఏళ్ళుగా తుడుస్తూనే ఉన్నాం, అది మంట ఆర్పుతుందని ఎప్పుడూ అనుకోలేదు. పది బేసిన్లు పోసిందో, ఇరవై పోసిందో.

పొగ మెట్ల వెంట పైకి ఎక్కేస్తోంది, గొట్టంలోంచి పోయినట్టు. నలుగురు కుర్రాళ్ళు మొహాలకి తువ్వాళ్ళు అడ్డం పెట్టుకుని దగ్గుతూ దిగి వచ్చారు. నేను వేళ్ళతో లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. "నలుగురూ వచ్చేశారు" అని గట్టిగా అన్నాను. ప్రాణం లేచి వచ్చింది. మా ఆయన కూడా "హమ్మయ్య" అన్నారు.

అప్ప బేసిన్ కింద పెట్టి, మెట్ల పక్క గోడ వైపు చూసింది. "ఆరు జతలున్నాయి గదమ్మా. నలుగురేటి?"

చెప్పులు. మెట్ల దగ్గర వరసగా ఆరు జతలు. బూట్లు రెండు జతలు, చెప్పులు నాలుగు జతలు. నేను రాత్రి గేటు వేసినప్పుడు వాటి పక్కనుంచే నడిచాను. కుర్రాళ్ళు నోరెత్తలేదు. భయమో, మత్తో, అదనపు మనిషికి వేరే ఛార్జీ అని బోర్డు మీద రాసి ఉన్నందుకో నాకు తెలీదు. అప్ప ఒకడి భుజం పట్టుకుని కుదిపింది. అప్పుడు వాడు డాబా వైపు చూపించాడు. సాయంత్రం ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్ వచ్చారట, పై గదిలో పడుకున్నారట.

అప్ప ఒడ్డు వైపు తిరిగి వేసిన కేకకి ఇద్దరు మనుషులు పరిగెత్తుకొచ్చారు, లుంగీలు ఎగ్గట్టుకుని, తడి వలల వాసనతో. పక్కన కడుతున్న ఇంటి దగ్గర వెదురు నిచ్చెన ఉంటే తెచ్చి వెనక గోడకి వేశారు. ఇద్దరినీ దింపారు. ఒకడు నడిచాడు. రెండోవాణ్ణి భుజాన వేసుకుని దింపాల్సి వచ్చింది. వాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో, మా చిన్నవాడి వయసు.

ఇదంతా అయ్యాక, ఫైరింజను వాళ్ళు పని చేసుకుంటుంటే, నేను అరుగు మీద కూలబడ్డాను. కాళ్ళకి చెప్పులు లేవు, కిటికీ అద్దాలు పగిలిన ముక్కల మీద నడిచాను, నాకు తెలీనే లేదు. అప్ప వచ్చి నా ముందు గొంతుకూచుని, నా పాదం తన మోకాలి మీద పెట్టుకుని, పైట చెంగుతో తుడిచి, గాజు పెంకులు గోళ్ళతో తీసింది. నేను వద్దంటున్నాను. పరాయి మనిషి నా కాలు పట్టుకోవడమేమిటని సిగ్గు. ఆవిడ నా వైపు చూడకుండానే "పడవలొస్తే మేం ముందు మనుషుల్ని లెక్కెట్టుకుంటామమ్మా, ఆ తరవాతే చేపలు" అంది. మా వాళ్ళని తను ఎందుకు లెక్కపెట్టిందో చెబుతోంది కాబోలు. సంజాయిషీ ఇస్తున్నట్టు! అప్పటిదాకా ఏడవలేదు నేను. అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాను.

పెంకులు తీశాక తన చెప్పులు విడిచి నా కాళ్ళకి తొడిగింది. నీలం పట్టీల రబ్బరు చెప్పులు, ఎడమ దానికి పట్టీ ఊడితే పిన్నీసు గుచ్చి ఉంది. "రేపు తీసుకుంటాలే" అని ఖాళీ బేసిన్ చంకన పెట్టుకుని ఉత్త కాళ్ళతో వెళ్ళిపోయింది. ఆ రోజు బేరం పోయింది ఆవిడకి. పేరడిగితే "అందరూ అప్పా అంటారు" అంది, అంతే. మర్నాడు రాలేదు. ఇవాళా రాలేదు. పొద్దున్నే ఒడ్డుకి వెళ్ళి అడిగితే నలుగురైదుగురు అప్పల్ని చూపించారు, ఆవిడ లేదు.

మా ఆయన, వైజాగ్ నుంచి రాత్రికి రాత్రి వచ్చిన మా పెద్దాడు, కోడలు, మా ఆడపడుచు, అందరూ చేశారు. వాళ్ళకి ఇక్కడ చెప్పేదేముంది, ఇంట్లో ఉన్నదే కదా.

ఆసుపత్రిలో డాక్టరమ్మకి మాత్రం ప్రత్యేకంగా దండం. భుజాన దింపిన కుర్రాడి వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ బాగానే చూపించింది. మేం హమ్మయ్య అనుకున్నాం. ఆవిడ దాన్ని నమ్మలేదు. బొగ్గు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు రక్తంలో కలిస్తే ఆ క్లిప్పు తేడా కనిపెట్టలేదట, మంచి అంకే చూపిస్తుందట. రక్తం తీసి పరీక్షకి పంపి, మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇస్తూనే ఉంది. మూడో రోజు పంపేశారు.

ఇప్పుడు కోపం కూడా రాయాలి, లేకపోతే కడుపులోనే ఉండిపోతుంది. మా ఇంటిని ఆన్‌లైన్‌లో పెట్టిన కంపెనీ, పేరు రాయను, నా మెసేజ్‌కి మూడుసార్లు ఒకే జవాబు పంపింది. కాలిన ప్రతి వస్తువుకీ బిల్లు కావాలట. మెట్ల కింద గూట్లో మా అమ్మ కుట్టుమిషను ఉండేది. ఆవిడ పెళ్ళైన కొత్తలో కొన్నదానికి బిల్లు ఎక్కడ తేను? ఇంతలో ఆ నలుగురిలో ఒకడు ఒక్క స్టార్ ఇచ్చి రివ్యూ పెట్టాడు, "గదిలో పొగ వాసన" అని. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇన్సూరెన్సు వాళ్ళు ఇల్లని రాయించి లాడ్జిలా వాడితే ఎలాగండీ అన్నారు. అది నిజమే, చదవకుండా సంతకం పెట్టాను. కానీ రెండేళ్ళ కిందట ఇలాంటి రెండు గదుల ఇంటికి ఫైర్ సర్టిఫికెట్ కావాలా అని అడగడానికి ఒక ఆఫీసులో మూడు కిటికీలు తిరిగాను. ఒకరు ఇంకొకరి దగ్గరికి పంపారు. ఆఖరి ఆయన "చిన్న ఇల్లే కదా, ఎవరడుగుతారు" అన్నాడు. నిజంగానే ఎవరూ అడగలేదు. సందు నిండా టూరిస్టు కార్లు అడ్డంగా పెట్టి ఉంటే ఫైరింజను మొగదల్లోనే ఆగిపోయింది. పాపం వాళ్ళు పైపులు మోసుకుని పరిగెత్తారు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మా ఊరి దగ్గరే తీరం దాటింది. తలుపులు పోయాయి గాని గోడలు నిలిచాయి. ఆ ఇల్లు ఇప్పుడు లోపలంతా నల్లగా ఉంది. పైన గదులు ఇంక ఇవ్వను. ఇచ్చినా మెట్ల కింద చీపురు కూడా పెట్టను, రాత్రి గేటు వేసే ముందు చెప్పులు లెక్కపెడతాను.

అయ్యో, మర్చిపోయినవాళ్ళు: స్తంభం దగ్గర ఫ్యూజు పీకిన లైన్‌మన్, డ్యూటీ కాకపోయినా వచ్చాడు. గ్యాస్ సిలిండరు ముందు బయటికి మోసుకెళ్ళి, వాసనొస్తే లైటు స్విచ్ ముట్టుకోకుండా తలుపులు తీసి గ్యాస్ లీకుల ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చేయమని మెల్లగా చెప్పిన ఫైర్ ఆయన. 108 డ్రైవరు. ఇంకా మలుపులో టీ కొట్టు ఒడియా అబ్బాయి. ఒక కుర్రాడి అరచెయ్యి కాలితే నేను టూత్‌పేస్టు తెస్తున్నాను, "పేస్టు వద్దు మౌసీ" అని ఆ చెయ్యి పట్టుకుని కుళాయి కింద ఇరవై నిమిషాలు ఉంచాడు. అదే కాపాడిందని ఆసుపత్రిలో అన్నారు. తర్వాత అందరికీ టీ పోశాడు, డబ్బులు తీసుకోలేదు.

అప్ప చెప్పులు కడిగి గేటు లోపల గూట్లో పెట్టాను. ఒడ్డు వైపు వెళ్ళే వాళ్ళెవరైనా చెప్పండి, కింద కొత్త జత కూడా ఉంది, కొలత ఆ పాత వాటిదే.

పక్కింటి మేస్త్రీకి: మీ నిచ్చెన రెండు మెట్లు విరిగాయి. వెదురు తెప్పించాను, శనివారం ఇస్తాను.